మెడికల్ స్కూల్ దరఖాస్తులో పాత కాలేజీ గ్రేడ్లు: టెక్సాస్ ‘అకడమిక్ ఫ్రెష్ స్టార్ట్’ దరఖాస్తు విధానం

పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో చదువు దెబ్బతిని, ముప్పై దాటాక డాక్టరు కావాలని తిరిగి పుస్తకం పట్టినవారికి అమెరికాలో ఎదురయ్యే మొదటి అడ్డంకి పాత కాలేజీ గ్రేడ్ల పట్టిక, అంటే ట్రాన్‌స్క్రిప్ట్. అందులోని డీలు, ఎఫ్‌లు ఎన్నేళ్లు గడిచినా జీపీఏను (గ్రేడ్ల సగటును) కిందికి లాగుతూనే ఉంటాయి. ఇలాంటివారికి టెక్సాస్ రాష్ట్రం 1993లో ఒక హక్కు కల్పించింది. రాష్ట్ర విద్యా చట్టం 51.931 సెక్షన్ ప్రకారం, టెక్సాస్ నివాసి అయిన అభ్యర్థి కోరితే, పదేళ్ల కిందట లేదా అంతకుముందు చదివిన కోర్సుల గ్రేడ్లను ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ప్రవేశ నిర్ణయంలో పరిగణించకూడదు. దీన్నే అకడమిక్ ఫ్రెష్ స్టార్ట్ అంటారు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక, ఈ హక్కు వివరాలు మన భాషలో ఒకచోట ఉండడం అవసరం.

అన్నిటికంటే ముందు గ్రహించవలసింది ఈ హక్కును వాడుకొనే సమయం. పాత గ్రేడ్లను పక్కన పెట్టమని కోరవలసింది మెడికల్ స్కూల్‌కు దరఖాస్తు చేసే రోజున కాదు. అంతకు ఎన్నో ఏళ్ల ముందు, ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో డిగ్రీ విద్యార్థిగా తిరిగి చేరేటప్పుడు. అలా చేరి, కొత్తగా బ్యాచిలర్స్ డిగ్రీ పూర్తిచేసిన అభ్యర్థి ఆ తర్వాత టెక్సాస్ ప్రభుత్వ మెడికల్ స్కూల్‌కు దరఖాస్తు చేస్తే, ఆ స్కూలు ఇతర ప్రమాణాలతో పాటు, ఫ్రెష్ స్టార్ట్ కింద చేరిన తర్వాతి జీపీఏనే చూడాలని చట్టం చెబుతోంది. ఈ సంగతి తెలియక మామూలు పద్ధతిలో చేరి, పాత క్రెడిట్లను (పూర్తిచేసిన కోర్సులకు లెక్కించే యూనిట్లను) బదిలీ చేయించుకొని డిగ్రీ ముగించినవారు చివరి దశలో ఈ హక్కును అడిగే వీలు లేక నిలిచిపోతారు. చేరే ముందు ఒక్క ఫారం నింపి ఉంటే తప్పిపోయే నష్టమిది.

పదేళ్ల గడువును లెక్కించేది మీరు చేరబోయే సెమిస్టరు మొదలయ్యే తేదీ నుంచి వెనక్కి. ఉదాహరణకు, ఒక అభ్యర్థి 2013 నుంచి 2018 వరకు విడతలుగా చదివి, 2026 ఆగస్టులో తిరిగి చేరుతున్నారనుకుందాం. 2016 వేసవి వరకు చదివిన కోర్సులు లెక్కలోంచి తొలగిపోతాయి. 2016 చివరి నుంచి 2018 వరకు చదివినవి మాత్రం యథాతథంగా ఉంటాయి. తక్కువ గ్రేడ్లు ఆ రెండో భాగంలో ఉన్నవారు రెండేళ్లు ఆగి చేరడమే మేలేమో ఆలోచించుకోవాలి.

ఈ సదుపాయానికి చెల్లించే మూల్యం పెద్దది. చెడ్డ గ్రేడ్లను మాత్రమే తీసేసి మంచివాటిని ఉంచుకోవడానికి వీలు లేదు. పదేళ్లు దాటిన కోర్సులన్నీ ఒకేసారి పోతాయి. వాటితో పాటు ఆ క్రెడిట్లూ పోతాయి; ఆనాడు ఏ గ్రేడుతో పాసైన రసాయనశాస్త్రమైనా, ఇంగ్లీషైనా మళ్లీ చదవవలసిందే. డిగ్రీ కూడా పదేళ్ల కిందటిదే అయితే అదీ లెక్కకు రాదు. టెక్సాస్‌లో బ్యాచిలర్స్ డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి కాబట్టి, ఫ్రెష్ స్టార్ట్ ఎంచుకోవడమంటే దాదాపు నాలుగేళ్ల చదువును మొదటి నుంచి మొదలుపెట్టడమే.

అయినా కొందరికి ఇది తగిన బేరమే. ఒకరికి పాత చదువులో 60 క్రెడిట్లకు 2.1 జీపీఏ ఉందనుకోండి. కొత్తగా 120 క్రెడిట్లు 3.8 సగటుతో పూర్తిచేస్తే, రెండూ కలిపిన జీపీఏ 3.23 దగ్గర ఆగిపోతుంది. ఫ్రెష్ స్టార్ట్ ఉంటే అదే అభ్యర్థిని 3.8గా చూస్తారు. పాత క్రెడిట్లు పదో, పదిహేనో మాత్రమే ఉండి, మిగతా చదువంతా బాగుంటే ఆ తేడా చాలా చిన్నది. అలాంటివారు నాలుగేళ్లు వెచ్చించడం సమంజసమని నేననుకోను.

దరఖాస్తు చేసేవారు మొదట టెక్సాస్ నివాసి హోదాను రుజువు చేసుకోవాలి. ఇందుకు సాధారణంగా కనీసం 12 నెలలు రాష్ట్రంలో స్థిర నివాసం ఉండాలి. హెచ్-1బి, హెచ్-4 వీసాలవారు కూడా ఈ స్థిర నివాసాన్ని ఏర్పరచుకోవచ్చు. ఎఫ్-1 విద్యార్థి వీసాపై గడిపిన కాలం మాత్రం మామూలుగా పనికిరాదు. ఆ తర్వాత విశ్వవిద్యాలయ ప్రవేశ దరఖాస్తుతో పాటు, అడ్మిషన్స్ కార్యాలయం నుంచి ఫ్రెష్ స్టార్ట్ ఫారం అడిగి తీసుకొని, తరగతులు మొదలుకాక ముందే సమర్పించాలి. పాత కాలేజీలన్నిటి ట్రాన్‌స్క్రిప్టులనూ జతచేయాలి. లెక్కలోకి రావు గదా అని ఏ ఒక్కదాన్నీ దాచకూడదు. విశ్వవిద్యాలయం తన మామూలు ప్రవేశ ప్రమాణాలను వర్తింపజేయవచ్చు కాబట్టి, ఫ్రెష్ స్టార్ట్ కోరినంత మాత్రాన సీటు ఖాయమైనట్టు కాదు. మంజూరైన తర్వాత ఆ విషయాన్ని లిఖితపూర్వకంగా తీసుకొని భద్రపరచుకోవాలి. నాలుగైదేళ్ల తర్వాత మెడికల్ స్కూల్ దరఖాస్తు సమయంలో అది ఎంతో అవసరమవుతుంది.

టెక్సాస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్ల దరఖాస్తులు టీఎండీఎస్ఏఎస్ అనే ఉమ్మడి వ్యవస్థ ద్వారా వెళతాయి. డాలస్‌లోని యూటీ సౌత్‌వెస్టర్న్, హ్యూస్టన్‌లోని మెక్‌గవర్న్, గాల్వెస్టన్‌లోని యూటీఎంబీ మొదలైనవన్నీ ఇందులో ఉన్నాయి. దరఖాస్తులు ఏటా మే నెలలో మొదలవుతాయి. ఇక్కడ కూడా చదివిన ప్రతి కాలేజీ వివరం ఇవ్వాలి. ఫ్రెష్ స్టార్ట్ ఉన్న సంగతిని ముందుగానే ఆ కార్యాలయానికి తెలియజేసి, ధ్రువీకరణ పంపి, జీపీఏ లెక్క సరిగా వచ్చిందో లేదో స్వయంగా సరిచూసుకోవాలి. టెక్సాస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్లలో ఇతర రాష్ట్రాలవారికి ఇచ్చే సీట్లు పది శాతానికి మించకూడదన్న నిబంధన ఉన్నందున, నివాసి హోదా వల్ల కలిగే లాభం జీపీఏతో ఆగదు.

రాష్ట్రం దాటితే ఈ హక్కు పనిచేయదు. దేశంలోని చాలా ఎం.డి. స్కూళ్లు వాడే ఆమ్‌కాస్ వ్యవస్థ అమెరికాలో చదివిన ప్రతి కోర్సునూ, రెండుసార్లు చదివితే రెండు గ్రేడ్లనూ కలిపి లెక్కిస్తుంది. కాలేజీలు ‘అకడమిక్ రెన్యూవల్’, ‘గ్రేడ్ ఫర్‌గివ్‌నెస్’ పేర్లతో మాఫీ చేసిన గ్రేడ్లు కూడా అక్కడ తిరిగి లెక్కలోకి వస్తాయి. ఆస్టియోపతిక్ (డి.ఓ. అనే మరో వైద్య డిగ్రీ ఇచ్చే) స్కూళ్ల ఆకోమాస్ వ్యవస్థ ఒకప్పుడు తిరిగి చదివిన కోర్సుకు కొత్త గ్రేడునే తీసుకొనేది. 2017లో ఆ పద్ధతిని మానేసింది. పాత సలహాలు విని ఆ ఆశతో కోర్సులు తిరిగి చదవకండి. ఫెడరల్ విద్యార్థి సహాయం విషయంలోనూ జాగ్రత్త అవసరం: చదువులో ప్రగతిని కొలిచేటప్పుడు ఆ నిబంధనలు ఫ్రెష్ స్టార్ట్‌ను గుర్తించవు, కాబట్టి చేరే ముందే ఫైనాన్షియల్ ఎయిడ్ కార్యాలయంలో మాట్లాడుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో బీటెక్ చదివి, అక్కడి బ్యాక్‌లాగుల గురించి దిగులుపడేవారికి ఒక మాట. విదేశాల్లో చదివిన కోర్సుల గ్రేడ్లు ఆమ్‌కాస్ జీపీఏలోనూ, టీఎండీఎస్ఏఎస్ జీపీఏలోనూ చేరవు. వాటిని తొలగించడానికి ఫ్రెష్ స్టార్ట్ అక్కర్లేదు. ఆ చదువు వివరాలను దరఖాస్తులో నిజాయితీగా చూపాలి. అయితే టీఎండీఎస్ఏఎస్‌కు కనీసం 90 క్రెడిట్లు అమెరికా లేదా కెనడాలోని గుర్తింపు పొందిన కాలేజీలో చదివి ఉండాలి కాబట్టి, మీ శ్రమ పాత మార్కుల మీద కాక ఆ 90 క్రెడిట్ల మీద పెట్టండి.