నైట్రాక్స్ పరికరాల శుభ్రత, 4వ పాఠం: జిడ్డు నిజంగా పోయిందా?

నైట్రాక్స్ అంటే ఆక్సిజన్ పాలు పెంచిన డైవింగ్ గాలి. పోయిన పాఠంలో దాని సిలిండర్ వాల్వ్ విప్పి, డిటర్జెంట్‌లో నానబెట్టి, బ్రష్షుతో తోమాం. ఇప్పుడది తళతళలాడుతోంది. ఆ తళతళను నమ్మొద్దు. (సాధనకు పాత వాల్వే వాడండి. ఆక్సిజన్ ఎక్కించే వాల్వును మాత్రం శిక్షణ పొందిన టెక్నీషియన్ చూడాల్సిందే.)

"నాది 32 శాతం ఆక్సిజన్ ఉన్న నైట్రాక్సే కదా, 40 దాటితేనే కదా ఈ తంటా అంతా?" అని కొందరికి అనుమానం. రెగ్యులేటర్ల విషయంలో చాలామంది ఆ 40 గీతనే పాటిస్తారు. కానీ పార్షియల్ ప్రెషర్ పద్ధతిలో నింపేటప్పుడు సిలిండర్లోకి ముందు వెళ్లేది అచ్చమైన ఆక్సిజన్, ఆ తర్వాతే గాలి. చివరికి తేలేది 32 శాతమే అయినా, వాల్వ్ మాత్రం నూరు శాతం ఆక్సిజన్‌కు తట్టుకోవాలి. వాయువు ఒక్కసారిగా దూసుకొచ్చి నొక్కుకుపోతే బాగా వేడెక్కుతుంది. అప్పుడు లోపలున్న జిడ్డుకు నిప్పంటుకుంటుంది.

మొదట మంచి వెలుతురులో మరచుట్లు చూడండి. తర్వాత గది చీకటి చేసి యూవీ లైటు వేయండి. చాలా రకాల నూనెలు, గుడ్డ పోగులు మెరుస్తాయి. మనం డైవింగ్ సామానుకు అలవాటుగా పూసే సిలికాన్ గ్రీజు మెరవదు. అందుకే యూవీ ఒక్కటే చాలదు.

నాకు నమ్మకమైంది నీటి పరీక్ష. ఉగ్గాని, బజ్జీ తిన్న స్టీలు పళ్లెం మీద వట్టి నీళ్లు పోసి చూడండి. నీళ్లు పొరలా నిలవకుండా పూసల్లా విడిపోతాయి. వాల్వ్ మీద డిస్టిల్డ్ వాటర్ పోసినప్పుడు మాత్రం పల్చటి పొర తెగకుండా కొన్ని సెకన్లు నిలవాలి. తెగిందా, మళ్లీ తోముడే. మా కర్నూలులో బోరు నీళ్లు ఆరితే తెల్లమచ్చ మిగులుతుంది, వాటితో ఈ పని పెట్టుకోకండి.

ఒకసారి ఇదే పరీక్షలో నీటి పొర ఒకచోట గుండ్రంగా తెగింది. చూస్తే నా బొటనవేలి ముద్ర! సబ్బుతో చేతులు కడుక్కునే కూర్చున్నాను, గ్లోవ్స్ వేసుకోలేదంతే. పౌడర్ లేని నైట్రైల్ గ్లోవ్స్ తప్పనిసరి.

సన్నటి రంధ్రాల్లో పొర కనబడదు. వాటిలోంచి పోసిన ఆఖరి కడుగునీళ్లను శుభ్రమైన గాజుసీసాలో పట్టి బాగా కుదపండి. నురగ నిలిస్తే డిటర్జెంట్ ఇంకా పోలేదని లెక్క.

అన్నీ నెగ్గాక ఆరబెట్టి, కొత్త జిప్ కవర్లో వేసి తేదీ రాయండి. ఓ-రింగులు (వాయువు లీకవకుండా వేసే రబ్బరు రింగులు) ఇప్పుడే తొడగొద్దు. వచ్చే పాఠం వాటి గురించే. ఈలోగా ఆ సిలికాన్ గ్రీజు డబ్బాను బల్ల మీద నుంచి తీసేయండి.