ఆఫీసు నెట్‌వర్క్ మరమ్మతు – 3వ పాఠం: 169తో మొదలయ్యే అడ్రస్

పోయిన పాఠంలో కేబుల్ దూర్చిన చోట వెలిగే చిన్న దీపాల దగ్గర ఆగాం. ఇప్పుడు పచ్చ దీపం వెలుగుతోంది. అయినా సర్వర్ తెరుచుకోవడం లేదు, ప్రింటర్ కనిపించడం లేదు. ఇలాంటప్పుడు చాలామంది కంప్యూటర్‌ను నాలుగుసార్లు ఆపి మళ్లీ వేస్తారు. వద్దు. ముందు దాని అడ్రస్ చదవండి.

స్టార్ట్ నొక్కి, సీఎండీ అని టైపు చేసి ఎంటర్ కొడితే నల్లటి కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి (అక్షరాలు ఇంగ్లీషువే, మధ్యలో ఖాళీ ఉండదు). తెర నిండా వరసలు దిగుతాయి, బెదరకండి. కేబుల్‌తో నడిచే కంప్యూటర్ అయితే ఈథర్‌నెట్ కింద, లేదంటే వైఫై కింద, మూడు వరసలు చూస్తే చాలు: ఐపీవీ4 అడ్రస్, సబ్‌నెట్ మాస్క్ (మీ నెట్‌వర్క్‌లో ఎన్ని అడ్రస్‌లు పడతాయో చెప్పేది), డిఫాల్ట్ గేట్‌వే (ఆఫీసు నుంచి బయటికి పోయే దారి).

అడ్రస్ 169.254తో మొదలైతే సగం రోగం బయటపడ్డట్టే. అది మీ ఆఫీసు ఇచ్చిన అడ్రస్ కాదు, కంప్యూటర్ తనకు తానే పెట్టుకున్నది.

సత్రానికి వచ్చిన బాటసారిని ఊహించుకోండి. గుమ్మంలో నిలబడి "గదులిచ్చేవారు ఎవరండీ?" అని కేకేస్తాడు. "12వ గది ఖాళీగా ఉంది" అంటాడు గుమాస్తా. "అదే ఇప్పించండి." "తీసుకోండి, రేపు ఇదే వేళ దాకా మీది." కంప్యూటర్‌కూ రౌటర్‌కూ మధ్య నడిచేవి ఈ నాలుగు మాటలే. ఈ ఏర్పాటు పేరు డీహెచ్‌సీపీ. గుమాస్తా పలకకపోతే బాటసారి బయట అరుగు మీదే పడుకుంటాడు. 169.254 ఆ అరుగు. అక్కడ పడుకున్నవాళ్లు తమలో తాము మాట్లాడుకోగలరు గానీ లోపలికి పోలేరు.

గుమాస్తా ఎందుకు పలకలేదు? కేక అతని దాకా చేరకపోయి ఉండవచ్చు: కేబుల్ లోపల ఒక తీగ తెగింది, లేదా కేబుళ్లన్నీ వచ్చి కలిసే స్విచ్‌లో ఆ పోర్టు పాడైంది. పక్క కంప్యూటర్ కేబుల్ తెచ్చి దీనికి పెడితే రెండు నిమిషాల్లో తేలుతుంది. లేదా గదులన్నీ నిండి ఉండవచ్చు. మీ ఆఫీసు మాస్క్ 255.255.255.0 అయితే మొత్తం 254 అడ్రస్‌లే. చిన్న రౌటర్లు అందులోనూ కొన్నింటినే పంచుతాయి. ఇరవై మందికి చాలవా అంటారేమో, అందరి ఫోన్లూ వచ్చిపోయేవారి ఫోన్లూ లెక్కవేసి చూడండి.

అసలు గుమాస్తాయే పడిపోయి ఉంటే? "పక్కవాళ్లకు పనిచేస్తోంది కదా, రౌటర్ బాగానే ఉన్నట్టు" అనుకోకండి. ఈ గోతిలో నేను రెండుసార్లు పడ్డాను. ఒకసారి గది తీసుకున్నవాడు, గుమాస్తా ఇంటికి వెళ్లిపోయినా, గడువు తీరేదాకా హాయిగా ఉంటాడు. అందుకే పక్క కంప్యూటర్‌లో ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొట్టి, లీజ్ అబ్టెయిన్డ్ (అంటే గది దక్కిన వేళ) అన్న వరసలో వేళ చూడండి. అది మీ కంప్యూటర్ మొరాయించిన తర్వాతి వేళ అయితే గుమాస్తా బతికే ఉన్నాడు. నిన్నటిదైతే ఆ సాక్ష్యం చెల్లదు. పరీక్ష కోసమని పక్క కంప్యూటర్ అడ్రస్ మాత్రం వదిలించకండి, రోగులు ఇద్దరవుతారు.

ఇంకో రకం ఉంది, ఇది మరీ మాయదారిది. ఒక ఆడిటర్ ఆఫీసు వాళ్లు 20వ తేదీన, జీఎస్టీ రిటర్న్ ఆఖరి రోజున, పిలిచారు. నాలుగు కంప్యూటర్లకు సర్వర్ లేదు, ఇంటర్నెట్ లేదు. అడ్రస్ 169 కాదు, చక్కగా 192.168.0.103. కాకపోతే పనిచేస్తున్న మిగతావన్నీ 192.168.10తో మొదలవుతున్నాయి. ఐపీకాన్ఫిగ్ /ఆల్‌లో డీహెచ్‌సీపీ సర్వర్ వరస చూస్తే 192.168.0.1 అని ఉంది. ఆఫీసు రౌటర్ అది కాదు. అంటే సత్రంలో రెండో గుమాస్తా దూరాడు, ముందు ఎవరు పలికితే వాళ్ల గదే దక్కుతోంది.

కేబుల్ పట్టుకుని పోతే వెనక గదిలో ఫైళ్ల కట్టల చాటున దొరికింది, ఎవరి ఇంట్లోనో పక్కన పడేసిన పాత రౌటర్. "ఇక్కడ ఫోనుకు వైఫై అందడం లేదని పెట్టానండి" అన్నాడు కొత్తగా చేరిన కుర్రాడు. తిట్టడానికి కూడా ఎవరికీ తీరిక లేదు. దాన్ని ఊడబీకి, నాలుగు కంప్యూటర్లలోనూ ముందు ఉన్న అడ్రస్ వదిలించడానికి ఐపీకాన్ఫిగ్ /రిలీజ్, ఆ తర్వాత మళ్లీ అడగడానికి ఐపీకాన్ఫిగ్ /రెన్యూ కొట్టాం. అడ్రస్‌లు 10 వరసలోకి వచ్చేశాయి.

ఈ వారం అభ్యాసం: అంతా బాగున్న రోజున ఒక కంప్యూటర్‌లో అడ్రస్, మాస్క్, గేట్‌వే, డీహెచ్‌సీపీ సర్వర్ అంకెలు కాగితం మీద రాసి, స్విచ్ పెట్టె తలుపు లోపలి వైపు అంటించండి.

ఒక ప్రశ్న కూడా. అడ్రస్ 192.168.10.37, మాస్క్ సరిగానే ఉంది, గేట్‌వే వరస ఖాళీ. ప్రింటర్ పనిచేస్తోంది, ఇంటర్నెట్ మాత్రం లేదు. ఎవరు ఏం చేసి ఉంటారు? జవాబుతోనే నాలుగో పాఠం మొదలుపెడదాం. అవతలి యంత్రం పలుకుతుందో లేదో చూసే పింగ్ కూడా అందులోనే.