బావమరిది వీడియోలు, ఇంటి ఫోను ఖర్చు

మా ఇంట్లో ఐదు ఫోన్లు. ఉద్యోగమంతా పద్దులు రాసి రిటైరైనవాణ్ణి కనుక ఐదింటి బిల్లూ నేనే చూస్తాను. కొన్నాళ్లుగా నెల పూర్తికాకముందే డేటా అయిపోయి, అదనంగా కొనాల్సి వచ్చేది. నేను ఫోనులో సినిమాలు చూసేవాణ్ణి కాను. మరి ఈ డేటా ఎటు పోతున్నట్టు?

మీకూ ఇదే సందేహం ఉంటే ముందు ఫోను సెట్టింగ్స్‌లో డేటా వినియోగం చూడండి. ఏ యాప్ ఎంత వాడిందో అక్కడ వరుసగా ఉంటుంది. నా ఫోనులో అన్నిటికన్నా పైన ఉన్నది వాట్సాప్. లోపలికి వెళ్లి చూస్తే అన్నీ మా బావమరిది పంపిన వీడియోలు. అన్నిట్లోనూ ఒకటే పాట: భూమి వేడెక్కడానికి మనుషులే కారణమని శాస్త్రవేత్తలందరూ ఒప్పుకున్నారన్నది బూటకమని. కుటుంబ గ్రూపులో పెడతాడు కనుక ఒక్కో వీడియో ఐదు ఫోన్లలోనూ దానంతట అదే దిగుతోంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్, డేటా విభాగం ఉంటుంది. మొబైల్ డేటా మీద ఏవేవి దిగాలో అక్కడ టిక్కులుంటాయి, అన్నీ తీసేయండి. ఈ పని ప్రతి ఫోనులోనూ విడిగా చేయాలి. ఫోటోల బ్యాకప్‌ను వైఫైకే పరిమితం చేయండి.

తర్వాత బిల్లు. మొత్తం ఎంతో చూసి కట్టేయకుండా ఒక్కో వరుసా చదవండి. మా ఆవిడ నంబరు మీద కాలర్ ట్యూన్‌కు ఎప్పటినుంచో డబ్బు పోతోంది. ఆ పాట వినేది ఫోను చేసినవాళ్లు, ఆమె ఒక్కసారీ వినలేదు! ఆపించాను. గత మూడు నెలల్లో ఎవరు ఎంత వాడారో కాగితం మీద రాసుకుని, దానికి సరిపడే ప్లాన్‌కు మారండి. ఎందుకైనా మంచిదని పెద్ద ప్లాన్ తీసుకోవడంలోనే ఎక్కువ డబ్బు పోతుంది. వాడని నంబరు వదిలించుకునే ముందు దానికి ఏ బ్యాంకు ఓటీపీలు వస్తున్నాయో చూసుకోండి. నేను ఈ ఒక్కటీ మరచి, నంబరు మార్పించుకోవడానికి బ్యాంకు చుట్టూ తిరిగాను. ఫోను నెమ్మదించిందని కొత్తది కొనకుండా ముందు బ్యాటరీ మార్పించి చూడండి.

ఇక వీడియోల్లో ఉన్న సంగతి. "బావా, 97 శాతం శాస్త్రవేత్తలు ఒప్పుకున్నారంటారు కదా, లెక్క తీస్తే మూడో వంతు కూడా లేరు" అన్నాడు బావమరిది. బిల్లు చదివినట్టే దీన్నీ చదివాను. 97 శాతమన్నది అడుగున కనిపించే మొత్తం. పైన ఏ పద్దులున్నాయో చూడాలి.

ఆ 97 శాతం అంకె జాన్ కుక్ అనే పరిశోధకుడి బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలోది. 1991 నుంచి 2011 వరకు వాతావరణ మార్పు మీద వచ్చిన 11,944 పరిశోధన పత్రాల సారాంశాలు చదివారు. మనుషులే కారణమన్నవి 32.6 శాతం, కాదన్నవి 0.7, తేల్చి చెప్పలేమన్నవి 0.3. మిగిలిన 66.4 శాతం ఆ ఊసే ఎత్తలేదు. ఏదో ఒకటి చెప్పిన వాటిలో ఒప్పుకున్నవే 97 శాతం. అంటే బావమరిది అంకె తప్పు కాదు, దాన్ని వేసిన గడి తప్పు. ఊసెత్తని పత్రాలను ఒప్పుకోనివాటి కింద జమకట్టాడు. పత్రాలు రాసినవాళ్లనే అడిగినప్పుడు ఊసెత్తనివి దాదాపు మూడో వంతుకు తగ్గాయి, ఒప్పుకున్నవాటి శాతం మాత్రం 97 దగ్గరే ఉంది.

అయినా చేతులెత్తించి లెక్కపెట్టినంత మాత్రాన నిజం తేలదు, ఆ మాట బావమరిదికీ ఒప్పుకున్నాను. మా వృత్తిలో ఒక పుస్తకాన్ని ఇంకో పుస్తకంతో సరిపోల్చి చూస్తాం. ఇక్కడా అదే చేయండి. ఎండ పెరగడమే కారణమైతే వాతావరణంలో మనముండే పొరకు పైనున్న స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి. అది చల్లబడుతోంది, కింది పొర వేడెక్కుతోంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే జరగాల్సింది ఇదే. ఆ వాయువు 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల్లో సుమారు 315 వంతులుండేది, ఇప్పుడు 420 దాటింది.

బయటి ఆడిటర్ కూడా వచ్చాడు. రిచర్డ్ ముల్లర్ అనే భౌతిక శాస్త్రవేత్తకు ఉష్ణోగ్రతల రికార్డుల మీదే అనుమానం. నగరాల వేడి వల్ల లెక్క ఉబ్బిందేమోనని తన బృందంతో మొత్తం మళ్లీ వేయించాడు. భూమి వేడెక్కుతున్నది నిజమేనని, దాదాపు పూర్తిగా మనుషులే కారణమని 2012లో ఆయనే ప్రకటించాడు.

అనుమానించదగ్గ చోటు లేకపోలేదు. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఎంత వేడెక్కుతుంది? 1979లో అమెరికా శాస్త్రవేత్తలు ఇచ్చిన చార్నీ నివేదిక 1.5 నుంచి 4.5 డిగ్రీలంది. వాతావరణ మార్పును పరిశీలించే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ 2021 నివేదిక 2.5 నుంచి 4 వరకు ఉండవచ్చంది. నలభై ఏళ్లు పనిచేసినా ఇంకా ఒకటిన్నర డిగ్రీల ఎడం ఉంది. వాదించాలంటే ఇక్కడ వాదించమని బావమరిదికి ఇదంతా అక్షరాల్లోనే రాసి పంపాను, డేటా పెద్దగా పట్టదు.

జవాబుగా మళ్లీ ఒక వీడియో వచ్చింది. నిడివి గంటా నలభై నిమిషాలు. మసకబొమ్మ మీద బాణం గుర్తుతో ఆగి ఉంది. నేను నొక్కితే తప్ప దిగదు.