మెటల్ గిటార్ శ్రుతి తప్పుతోందా? ట్రెమోలో, ఫిక్స్‌డ్ బ్రిడ్జిల తంటాలు - పరిష్కారాలు

డిస్టార్షన్ (ధ్వనిని గరగరలాడించే ఎఫెక్ట్) పెట్టి పవర్ కార్డ్ (రెండు మూడు తీగలు కలిపి) కొట్టినప్పుడు ఒక తీగ రవ్వంత తప్పినా ఇట్టే తెలిసిపోతుంది. అందుకే మెటల్ వాయించేవాళ్లకి బ్రిడ్జితో, అంటే గిటార్ ఒంటి మీద తీగలు ఆనే భాగంతో, ఇంత టెన్షన్. కదలకుండా ఉండేది ఫిక్స్‌డ్ బ్రిడ్జి, బార్‌తో కదిపి తీగల బిగువు మార్చగలిగేది ట్రెమోలో. ఫ్లాయిడ్ రోజ్ (తీగలకు తాళాలు వేసే ఒక రకం ట్రెమోలో) ఉన్న గిటార్ కొని, రెండు వారాలకే పాడైందనుకుని అమ్మేసేవాళ్లను చాలామందిని చూశాను. నా మొదటి గిటార్‌నీ అలాగే అమ్మేశాను. దానిలో ఏ లోపమూ లేదని తర్వాత తెలిసి చాలా బాధపడ్డాను.

సమస్య: ఒక తీగ శ్రుతి చేస్తే మిగతా ఐదూ తప్పుతున్నాయి

కారణం: గాల్లో తేలే ట్రెమోలో అచ్చం తక్కెడ లాంటిది. ఒక పక్క తీగలు లాగుతాయి, ఇంకో పక్క గిటార్ వెనక గూట్లోని స్ప్రింగులు లాగుతాయి. 25.5 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) గిటార్‌కి 10-46 సెట్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో సన్న తీగ 10, లావు తీగ 46) వేసి మామూలు ఇ ట్యూనింగ్‌లో పెడితే ఆరు తీగలూ కలిసి దాదాపు 47 కిలోల బలంతో లాగుతాయి. లావు తీగ ఒక్కదాన్ని ఇ నుంచి డి కి దించితే (దీన్నే డ్రాప్ డి అంటారు) అందులో కిలోన్నర పైనే తగ్గుతుంది. అప్పుడు స్ప్రింగులదే పైచేయి. బ్రిడ్జి వెనక్కి వాలి మిగతా తీగలన్నీ పైకెక్కుతాయి. వాయిస్తుండగా తీగ తెగినా జరిగేది ఇదే.

పరిష్కారం: ముందు నట్ (మెడ చివర తీగలు ఆనే చోటు) దగ్గరి తాళాలు వదులు చేయండి. ఫైన్ ట్యూనర్లను (బ్రిడ్జి మీదుండే చిన్న శ్రుతి స్క్రూలను) సగానికి తెచ్చి పెట్టండి. ఆరు తీగలూ శ్రుతి చేశాక బ్రిడ్జిని పక్క నుంచి చూడండి. దాని తోక (వెనక అంచు) పైకి లేచి ఉంటే వెనక స్ప్రింగులను పట్టుకున్న రెండు స్క్రూలనూ అర చుట్టు బిగించండి, కిందికి కుంగితే అర చుట్టు వదలండి. మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ చూడండి. బ్రిడ్జి ఒంటికి సమాంతరంగా నిలిచేదాకా ఇంతే. మొదటిసారి గంట పట్టొచ్చు, విసుక్కోవద్దు. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చండి.

పాటకో ట్యూనింగ్ కావాలంటే మాత్రం వెనక గూట్లో, ట్రెమోలో దిమ్మకూ మెడ వైపు గోడకూ మధ్య సరిగ్గా పట్టే చెక్కముక్క పెట్టి, స్ప్రింగులు కాస్త బిగించండి. డైవ్ చేయొచ్చు (బార్ నొక్కి స్వరం దించొచ్చు), బార్ పైకి లాగడం మాత్రం కుదరదు. తీగ తెగినా మిగతావి నిలబడతాయి.

సమస్య: పామ్ మ్యూట్ చేస్తుంటే స్వరం పైకి పోతోంది

కారణం: పామ్ మ్యూట్ అంటే అరచేతి అంచుతో తీగలను అదిమి వాయించడం. అప్పుడు అరచేయి బ్రిడ్జి వెనక భాగాన్ని నొక్కుతోంది. పరిష్కారం: చేతిని కొంచెం ముందుకు, తీగలు బ్రిడ్జి దాటే చోటికి జరపండి. చెయ్యి అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. రోజంతా రిఫ్‌లే (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరసలే) వాయించేవాళ్లకి ఫిక్స్‌డ్ బ్రిడ్జి మేలని నేను చెప్పేది ముఖ్యంగా ఇందుకే.

సమస్య: డైవ్ చేశాక శ్రుతి వెనక్కి రావడం లేదు

కొత్త తీగలైతే చేత్తో బాగా లాగి సాగదీయండి, చాలాసార్లు అంతే. తర్వాత నట్ తాళాలు గట్టిగా ఉన్నాయో లేదో చూడండి. అప్పటికీ కుదరకపోతే, బ్రిడ్జిని మోసే రెండు పోస్టుల మీద ఆనే దాని కత్తి లాంటి అంచులు అరిగి ఉండొచ్చు. తీగలు బిగువుగా ఉన్నప్పుడే పోస్టులను తిప్పి ఎత్తు మారిస్తే ఆ అంచులు పాడవుతాయి. అంచు పోతే బేస్ ప్లేట్ (బ్రిడ్జి అడుగు పలక) మార్చాల్సిందే.

సమస్య: ఫిక్స్‌డ్ బ్రిడ్జి అయినా శ్రుతి తప్పుతోంది

శ్రుతి చేస్తుంటే "టింగ్"మని చప్పుడొస్తే తీగ నట్ గాడిలో ఇరుక్కుంటోందని అర్థం. గాడిలో పెన్సిల్ గీకి చూడండి. లావు సెట్‌కి మారాక మొదలైతే గాడిని వెడల్పు చేయించాలి. డ్రాప్ సి లో (డ్రాప్ డి కన్నా తీగలన్నీ ఇంకో స్వరం కింద) గట్టిగా కొట్టగానే స్వరం ఎగిరి పడుతోందంటే తీగలు సన్నం. 11-54 గానీ ఇంకా లావువి గానీ వేయండి.

ఇంతకీ ఏది కొనాలి?

ఫ్లాయిడ్ రోజ్ పేటెంట్ 1979 నాటిది. అంతకు ముందే బ్లాక్ సబ్బత్ గిటారిస్ట్ టోనీ ఐయోమీ ఫిక్స్‌డ్ బ్రిడ్జి ఉన్న ఎస్‌జీ గిటార్‌తో మెటల్‌కి పునాది వేశాడు. మెటాలికాలో రిఫ్‌లు నడిపే జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఎక్స్‌ప్లోరర్ గిటార్లకు ఫిక్స్‌డ్ బ్రిడ్జి, సోలోలు వాయించే కర్క్ హామెట్ గిటార్లకు ఫ్లాయిడ్ రోజ్. ఒకే బ్యాండ్‌లో పనిని బట్టి రెండూ ఉన్నాయి. ట్యూనింగులు మారుస్తూ రిఫ్‌లు వాయిస్తే ఫిక్స్‌డ్ తీసుకోండి. పాంటెరా గిటారిస్ట్ డైమ్‌బ్యాగ్ డారెల్ గిటార్‌తో పెట్టించిన లాంటి కేకలు, డైవ్‌లు మనసులో ఉంటే ట్రెమోలో లేకుండా తీరదు. అప్పుడు ఒకే ట్యూనింగ్‌కి కట్టుబడండి.

పాత ఫ్లాయిడ్ రోజ్ గిటార్ కొంటుంటే మీ ట్యూనర్ వెంట తీసుకెళ్లండి. శ్రుతి చేసి, నట్ బిగించి, మూడుసార్లు పూర్తిగా డైవ్ చేసి మూడో తీగ చూడండి. తర్వాత బార్ పైకి లాగి వదిలి మళ్లీ చూడండి. తీగలు పాతవై ఉండి కూడా ఈ రెండు సార్లూ ముల్లు వేర్వేరు చోట్ల ఆగితే, ముందు నట్ తాళాలు చూడండి. అవి గట్టిగానే ఉంటే ఆ పోస్టుల దగ్గర టార్చ్ వేసి చూడకుండా డబ్బు ఇవ్వకండి.