ఇంగ్లిష్ మాట - 14వ పాఠం: కూడోస్

పోయిన పాఠంలో కంగ్రాచులేషన్స్ చూశాం. ఈసారి ఆఫీసు మెయిళ్లలో తరచూ ఎదురయ్యే కూడోస్.

అమెరికాలో కూడోస్, కూడోజ్ అంటారు. బ్రిటన్‌లో క్యూడాస్. ఏది పలికినా సరే, ఒత్తు మాత్రం మొదటి అక్షరం మీదే పడాలి.

మన శభాష్, భేష్‌లకు దగ్గరి మాట ఇది. పుట్టుక గ్రీకు. ప్రాచీన గ్రీకు కవి హోమర్ తన ఇలియడ్ కావ్యంలో, యుద్ధంలో వీరుడికి దక్కే కీర్తిని ఇలా అన్నారు. 19వ శతాబ్దంలో బ్రిటన్ విద్యార్థుల నోళ్లలో నాని ఇంగ్లిష్‌లో స్థిరపడింది. ఆ పాత వాసన ఇంకా ఉంది: కష్టపడి చేసిన పనికే ఇది నప్పుతుంది. పెళ్లికి, పుట్టినరోజుకి వాడకండి. ప్రమోషన్ వస్తే కంగ్రాచులేషన్స్, ఆ ప్రమోషన్ తెచ్చిపెట్టిన పనికి కూడోస్.

వాక్యం కట్టడానికి తెలుగే దారి చూపిస్తుంది. 'లతకి' అన్నచోట టు, 'ముగించినందుకు' అన్నచోట ఫర్. 'కూడోస్ టు లత ఫర్ ఫినిషింగ్ ద రిపోర్ట్ ఆన్ టైమ్.' మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే: 'ఫర్ ఫినిష్', 'ఫర్ ఫినిష్డ్' అని రాసేస్తారు. ఫర్ తర్వాత క్రియ వస్తే దానికి 'ఇంగ్' చేరి తీరాలి. నామవాచకమైతే ఆ బెడద లేదు: 'కూడోస్ టు ద టీమ్ ఫర్ ద క్విక్ ఫిక్స్.'

చివరి 'స్' బహువచనం కాదు. కాస్మాస్, పేథోస్‌లలో ఉన్న గ్రీకు ఏకవచన ముగింపే అది. కాబట్టి 'మెనీ కూడోస్' వద్దు, 'బిగ్ కూడోస్' అనండి. 'స్' తీసేసి 'ఎ కూడో' అనేవాళ్లు అమెరికాలో ఉన్నారు. చెర్రీ కూడా అలా పుట్టిందే: ఫ్రెంచి నుంచి వచ్చిన చెరీజ్ చివరి ధ్వనిని బహువచనం అనుకుని కోసేశారు. చెర్రీ నిలిచిపోయింది కానీ, కూడోని ఇప్పటికీ చాలామంది తప్పుగానే చూస్తారు. పరీక్షల్లో, ఉద్యోగ దరఖాస్తుల్లో రాయకండి.

బ్రిటన్‌లో దీనికి ప్రతిష్ఠ అనే అర్థం కూడా బాగా వాడుకలో ఉంది: 'ద జాబ్ హ్యాజ్ ఎ లాట్ ఆఫ్ కూడోస్.'

ఇక మర్యాద. పెద్దాయన్ని పట్టుకుని 'శభాష్' అంటామా? కూడోస్ కూడా తోటివాళ్లకి, జట్టుకి, చిన్నవాళ్లకి బాగుంటుంది. మేనేజరుకైతే 'ఐ రియల్లీ అడ్‌మైర్డ్ ద వే యు హ్యాండిల్డ్ ద మీటింగ్' అని రాయండి.

అభ్యాసం: వీటిలో రెండింటికే కూడోస్ కుదురుతుంది. ఏవో గుర్తించి ఇంగ్లిష్‌లో రాయండి.
రవికి, తప్పును పట్టుకున్నందుకు.
సునీతకి, కూతురు పుట్టినందుకు.
జట్టుకి, రాత్రంతా పనిచేసినందుకు.