టాన్సిల్ ఆపరేషన్ పద్ధతులను పోల్చడం – 4వ పాఠం: ఏ రక్తస్రావం?

టాన్సిల్ తీయడానికి కాటరీ (కరెంటు వేడితో కోయడం), కోల్డ్ (వేడి లేకుండా కత్తెర లాంటివాటితో కోయడం) – ఈ రెండిట్లో ఏది మేలన్న పోయినసారి అభ్యాసానికి తిరుపతి, చిత్తూరు నర్సింగ్ విద్యార్థుల నుంచి ఎక్కువగా వచ్చిన జవాబు ఇదే: "కాటరీతో రక్తం తక్కువ పోతుంది, కాబట్టి అదే మేలు." ఈ చిక్కు తేలకుండా లేజర్ జోలికి వెళ్లలేం. టాన్సిళ్లు ఎందుకు తీస్తారో మీకు తెలుసు, అది వదిలేస్తున్నా.

మీరు లెక్కపెట్టింది ఆపరేషన్ థియేటర్‌లో గొంతులోంచి పీల్చిన రక్తం చేరే సక్షన్ బాటిల్‌లో పడిన రక్తం. కాటరీ కోస్తూనే రక్తనాళాన్ని మాడుస్తుంది కాబట్టి అది తక్కువే ఉంటుంది. మనకు భయం ఇంటికెళ్లాక వచ్చే రక్తంతో. ఆపరేషన్ అయిన 24 గంటల్లోపు రక్తస్రావం వస్తే ప్రైమరీ, తర్వాత వస్తే సెకండరీ. సెకండరీ ఎక్కువగా 5–10 రోజుల మధ్య, గొంతులో కట్టిన తెల్లపొర ఊడేటప్పుడు వస్తుంది. (ఆ పొర చీము కాదు. తల్లిదండ్రులకు ముందే చెప్పండి, లేకపోతే టెన్షన్ పడతారు.) నిద్రలో పిల్లాడు మాటిమాటికీ గుటకలు వేస్తుంటే టార్చి వేసి గొంతు చూడాల్సిందే. రక్తం బయటికి రాకుండా కడుపులోకి పోతుండొచ్చు.

2003–04లో ఇంగ్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో 33,921 మంది రోగుల వివరాలు సేకరించారు. వేడి తగలకుండా తీసి, రక్తనాళాలకు దారంతో ముడులు వేసి రక్తం ఆపినవాళ్లతో పోలిస్తే, పూర్తిగా కాటరీతో తీసినవాళ్లలో ఆపరేషన్ తర్వాతి రక్తస్రావం సుమారు మూడు రెట్లు కనిపించింది. ఉప్పునీటిలో రేడియో తరంగాలతో, 40–70 డిగ్రీల సెల్సియస్‌లోనే పనిచేసే కోబ్లేషన్ అనే పద్ధతిలోనూ అంతే. బాటిల్ ఒకటి చెబితే పదో రోజు ఇంకొకటి చెబుతుంది.

ఇంకో తిరకాసు. కత్తెరతో తీసి, కాటరీతో రక్తం ఆపితే, పద్ధతులను పోల్చే పట్టికలో దాన్ని 'కోల్డ్' గడిలో వేయకండి. దానికి వేరే గడి గీయండి.

నా మొగ్గు ముడులవైపే. యర్రావారిపాళెం పిల్లాడికి ఏడో రాత్రి రక్తం వస్తే భాకరాపేట ఘాట్ దాటి తిరుపతి రావాలి మరి. బాటిల్‌లో కాస్త ఎక్కువ రక్తం పడినా నాకు పర్వాలేదు.

అభ్యాసం: ఒక ఊహా అధ్యయనం. కాటరీ 40 మంది, కోల్డ్ 40 మంది. రెండో రోజే డిశ్చార్జి, ఆ తర్వాత ఎవరినీ అడగలేదు. "రెండు గుంపుల్లోనూ రక్తస్రావం సున్నా, రెండూ సమానం" అని తేల్చారు. ఇందులో రెండు తప్పులు పట్టండి. నా అడ్డదారి: సున్నా వచ్చినప్పుడు 3ని మొత్తం మందితో భాగించండి. 40కి 7.5 శాతం. అసలు రేటు అంతవరకూ ఉండొచ్చు. ఇప్పుడు అసలు రేటు 1 శాతం లోపే అని చెప్పాలంటే ఎంతమంది కావాలో లెక్కగట్టి పంపండి.