పీఎంఏవై 2.0 ఇంటి దరఖాస్తు: విశాఖవాసులు ముందుగా చూసుకోవలసిన కాగితం

ఇంటి పథకం కోసం వార్డు సచివాలయానికి వెళ్లి వెనక్కి తిరిగి వచ్చినవారిని ఈ మధ్య కొందరిని దగ్గరగా చూశాను. వారిలో ఆదాయం ఎక్కువై ఆగిపోయినవారు లేరు, ఆధార్ లేక ఆగిపోయినవారూ లేరు. అందరూ ఒకేచోట ఆగారు. తాము ఉంటున్న స్థలం, లేదా కొనబోతున్న స్థలం ఎవరిదో తేల్చే కాగితం దగ్గర ఆగారు. వేపగుంట వైపు కుట్టుపని చేసుకుని బతికే ఒకావిడ, "ఇన్నేళ్లుగా ఇంటి పన్ను కడుతున్నాం, కరెంటు మీటరు మా ఆయన పేరునే ఉంది, ఇంకేం కాగితం కావాలి బాబూ?" అని అడిగింది. అంతకు ముందే ఒక మధ్యవర్తి మంజూరు చేయిస్తానని చెప్పి ఆమె దగ్గర డబ్బు తీసుకున్నాడు. మంజూరు రాలేదు, డబ్బూ తిరిగి రాలేదు. అందుచేత దరఖాస్తులోని మామూలు మెట్లను ఇక్కడ క్లుప్తంగా చెప్పి, ఆ ఒక్క కాగితం సంగతి వివరంగా రాస్తున్నాను.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం రెండో దశ (పీఎంఏవై 2.0) 2024 సెప్టెంబరు 1న మొదలైంది. అయిదేళ్లలో కోటి పట్టణ కుటుంబాలకు సాయం అందించడం దీని లక్ష్యం. ఇందులో నాలుగు దారులున్నాయి: సొంత స్థలంలో ఇల్లు కట్టుకోవడం, ప్రభుత్వ సంస్థ గానీ ప్రైవేటు సంస్థ గానీ పథకం కింద కట్టిన ఫ్లాటు పొందడం, అద్దె ఇల్లు, బ్యాంకు గృహరుణం మీద వడ్డీ రాయితీ. మొదటి రెండు దారులు ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు మాత్రమే. వడ్డీ రాయితీ 9 లక్షల లోపు ఆదాయం ఉన్నవారి వరకూ వర్తిస్తుంది. సొంత స్థలంలో కట్టుకునేవారికి కేంద్రం 1.50 లక్షలు ఇస్తుంది, దానికి మన రాష్ట్రం వంటి రాష్ట్రాలు కనీసం 1 లక్ష కలపాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ సొమ్ము ఒకేసారి చేతికి రాదు. పని ముందుకు సాగేకొద్దీ ఒక్కో దశలో ఇంటి ఫొటోను ఆ స్థలం గుర్తులతో సహా నమోదు చేసిన తరువాత విడతలుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది.

దరఖాస్తు పథకం వెబ్‌సైటులో స్వయంగా చేసుకోవచ్చు, కామన్ సర్వీస్ సెంటరులో చేయించుకోవచ్చు, విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పరిధిలోనివారు తమ వార్డు సచివాలయంలో అడగవచ్చు. వెబ్‌సైటు అడ్రసు చివర జీఓవి డాట్ ఇన్ అని ఉందో లేదో చూసుకోవాలి, ఎందుకంటే పథకం పేరుతో నకిలీ పేజీలు తిరుగుతుంటాయి. కుటుంబంలోని అందరి ఆధార్ నంబర్లు, ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతా, తహశీల్దార్ కార్యాలయం నుంచి వచ్చే ఆదాయ ధ్రువీకరణ, అవసరమైనవారికి కుల ధ్రువీకరణ, సొంత స్థలంలో కట్టుకునేవారికి స్థలం పత్రాలు సిద్ధంగా ఉంచుకోవాలి. ఆధార్‌లో పేరు ఏ అక్షరాలతో ఉందో దరఖాస్తులోనూ అవే అక్షరాలతో రాయాలి. ఫోనుకు వచ్చే ఓటీపీ నింపితే ఫారం తెరుచుకుంటుంది, చివర దరఖాస్తు నంబరు వస్తుంది. ఆ నంబరును కాగితం మీద రాసి భద్రపరచుకోండి. ఓటీపీని మాత్రం పక్కనున్న మనిషి ఎంత తెలిసినవాడైనా అతని ఫోనుకు రానివ్వవద్దు. మీ దరఖాస్తుకు అతని ఫోను నంబరు కట్టేస్తే, ఆ తరువాత దరఖాస్తు ఎక్కడుందో మీకు తెలియదు, అతనికే తెలుస్తుంది.

అర్హత లెక్కలో కుటుంబమంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. ఈ కుటుంబంలో ఎవరి పేరుతోనూ దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. గత 20 ఏళ్లలో కేంద్రం, రాష్ట్రం, నగరపాలక సంస్థ నడిపిన ఏ గృహ పథకంలోనూ లబ్ధి పొంది ఉండకూడదు. ఇక్కడే కొందరు శ్రీకాకుళం జిల్లాలోనో పార్వతీపురం వైపో సొంత ఊరిలో తమ పేరున ఉన్న ఇంటిని చెప్పకుండా వదిలేస్తారు. ఊళ్లోది లెక్కలోకి రాదని వారికి ఎవరో చెప్పి ఉంటారు, కానీ అది తప్పకుండా లెక్కలోకి వస్తుంది. అదే ఇల్లు తండ్రి పేరునే ఉండి, మీరు పెళ్లయి వేరు కాపురం ఉంటున్నట్లయితే భయపడవలసిన పనిలేదు, మీది వేరే కుటుంబం కిందికే వస్తుంది.

ఇక స్థలం కాగితం సంగతి.

ఇంటి పన్ను రసీదు, నీటి పన్ను, కరెంటు బిల్లు, ఇవన్నీ మీరు అక్కడ ఉంటున్నారని చెబుతాయి. ఆ స్థలం మీదేనని మాత్రం చెప్పవు. పన్ను వేయడానికి నగరపాలక సంస్థకు కట్టడం కనబడితే చాలు. కొన్న స్థలం మీద హక్కు నిలవాలంటే రిజిస్టరైన దస్తావేజు కావాలి. 100 రూపాయలు, అంతకు మించి విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావలసిందేనని చట్టం. నోటరీ చేయించిన ఒప్పంద పత్రం, స్టాంపు కాగితం మీద పెద్దమనుషుల సంతకాలు, జీపీఏ (తన తరఫున వ్యవహరించమని యజమాని మరొకరికి ఇచ్చే అధికార పత్రం), ఇవేవీ అమ్మకం కిందికి రావు. జీపీఏ ద్వారా యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టంగా చెప్పింది. అయినా గాజువాక, పెందుర్తి, మధురవాడ కొండవాలు కాలనీలలో చేతులు మారే స్థలాలు చాలావరకు ఇలాంటి కాగితాల మీదనే మారుతుంటాయి. కొన్నవారిని తప్పు పట్టలేం. తక్కువ ధరకు వచ్చింది ఆ స్థలమే, వారి దగ్గర ఉన్న డబ్బూ అంతే. కానీ అదే కాగితం పట్టుకుని పథకానికి వెళ్తే అది నిలవదన్న సంగతి ముందే తెలియాలి.

మన నగరంలో దీనికి తోడు మరో చిక్కు ఉంది, అది నిషేధిత భూముల జాబితా. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ సెక్షన్ కింద ప్రభుత్వ భూములు, దేవాదాయ భూములు వంటివాటి సర్వే నంబర్లను ఆ జాబితాలో పెడతారు. ఆ నంబరు మీద రిజిస్ట్రేషన్ జరగదు. సింహాచలం దేవస్థానంతో దశాబ్దాలుగా వివాదంలో ఉన్న పంచగ్రామాల సంగతి విశాఖలో తెలియనివారుండరు. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లి పరిధిలో వేల కుటుంబాలు తరాలుగా ఇళ్లు కట్టుకుని ఉంటున్నాయి. వారి కష్టం నిజమైనది, దాని పరిష్కారం ప్రభుత్వం చేతిలోనూ న్యాయస్థానం చేతిలోనూ ఉంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ చిక్కును ఏ మధ్యవర్తీ పదివేలకో ఇరవై వేలకో విప్పలేడు. "మీ ఒక్క నంబరు జాబితాలోంచి తీయిస్తాను" అన్నవాడికి డబ్బు ఇవ్వకండి.

చాలామంది పొరబడేది పేరు దగ్గర. మనం కాలనీ పేరుతో మాట్లాడుకుంటాం, జాబితా మాత్రం రెవెన్యూ గ్రామం పేరుతో, సర్వే నంబరుతో ఉంటుంది. కాలనీకి ఎవరో నాయకుడి పేరో దేవుడి పేరో పెట్టి ఉంటారు, అది ఏ రెవెన్యూ గ్రామంలో ఉందో అక్కడ ఉంటున్నవారికే తెలియకపోవచ్చు. అమ్మేవారి దస్తావేజు చివరి పేజీల్లో ఉండే షెడ్యూలు చదవండి. గ్రామం పేరు, సర్వే నంబరు, సబ్‌డివిజన్, నాలుగు హద్దులు అక్కడ ఉంటాయి. వాటితో రాష్ట్ర రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో నిషేధిత ఆస్తుల జాబితా చూడవచ్చు. జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని చూసుకోవడమే, చదువుకున్న పిల్లలెవరైనా ఫోనులో చూసి పెట్టగలరు. ఆ తరువాత ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే పత్రం, తీయించుకోవాలి. 1983 తరువాతి లావాదేవీలకు ఈసీ అదే వెబ్‌సైటులో దొరుకుతుంది, అంతకు ముందువాటికి సబ్‌ రిజిస్ట్రార్ కార్యాలయంలో అడగాలి. ఇంటి నంబరుతో మాత్రమే తీస్తే సర్వే నంబరు మీద జరిగినవి తప్పిపోవచ్చు, కాబట్టి సర్వే నంబరుతోనూ తీయించండి. ఈసీలో కనిపించే ప్రతి అమ్మకానికీ లింకు డాక్యుమెంటు (అంతకు ముందరి యజమాని నుంచి వచ్చిన దస్తావేజు) ఉందో లేదో ఒకదాని తరువాత ఒకటి సరిచూసుకోండి. మధ్యలో ఒక్క లింకు తెగినా బ్యాంకు న్యాయవాది అక్కడే ఆపుతాడు.

డీ-పట్టా స్థలాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పేదలకు ప్రభుత్వం డీ-పట్టా ఇచ్చి కేటాయించిన (అసైన్ చేసిన) భూమి చేతులు మారకుండా 1977 నాటి చట్టం ఉంది. చట్టం చెప్పిన గడువూ షరతులూ పూర్తికాకుండా కొన్న డీ-పట్టా, కొన్నవారికి హక్కు ఇవ్వదు. పట్టా మీదున్న పేరు, మీకు అమ్ముతున్న మనిషి పేరు ఒకటి కాకపోతే తహశీల్దార్ కార్యాలయంలో అడగకుండా ముందుకు వెళ్లకండి.

వారసత్వంగా వచ్చిన స్థలంలో కట్టుకుందామనుకునేవారికి మరో రకమైన ఆటంకం వస్తుంది. తండ్రి పేరున దస్తావేజు ఉంటుంది, తండ్రి పోయి చాలాకాలమై ఉంటుంది, అన్నదమ్ములు తెల్లకాగితం మీద పంచుకుని ఎవరి గదిలో వారు ఉంటుంటారు. ఆడపడుచుల సంతకాల ఊసే ఉండదు. ఆడపిల్లలకూ ఆస్తిలో వాటా ఉంది కాబట్టి ఆ తెల్లకాగితం పనికిరాదు. ముందు కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తీసుకుని, అందరూ కలిసి రిజిస్టరు పంపకం చేసుకోవాలి, లేదా మిగిలినవారు తమ వాటా వదులుకుంటూ రిజిస్టరు పత్రం రాయాలి. దీనికి సమయం పడుతుంది, ఒక్కోసారి మాటా మాటా వస్తుంది. అందుకే పథకం గడువు దగ్గరపడ్డాక కాకుండా ఇప్పుడే మొదలుపెట్టమంటున్నాను. లాయరు ఫీజు కట్టలేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ న్యాయసలహా ఉచితం. వేపగుంట ఆవిడకు కూడా చివరికి ఆ దారే చెప్పాను.

మొదటిసారి ఫ్లాటు కొనేవారికి రెండు మాటలు. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ 8 కంటే ఎక్కువ ఫ్లాట్లతో గానీ కట్టే ప్రాజెక్టు రెరాలో (స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణ సంస్థలో) నమోదై ఉండాలి. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకముందు బిల్డరు ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదని 2016 నాటి రెరా చట్టం చెబుతోంది. ఫ్లాటును ఇల్లాలి పేరున గానీ ఇద్దరి పేరున గానీ రిజిస్టరు చేయించడం పథకం ఉద్దేశానికి తగిన పద్ధతి. భర్త ఒక్కడి పేరున సేల్ డీడ్ రాయించేసుకుని తరువాత మార్చుకుందామనుకుంటే మళ్లీ ఖర్చు మీదే.

వడ్డీ రాయితీ గురించి మార్కెట్లో పాత లెక్కే తిరుగుతోంది. మొదటి దశలో 2.67 లక్షల వరకూ రాయితీ ఒకేసారి రుణంలో తగ్గేది. ఆ పథకం 2022 మార్చితో ముగిసింది. ఇప్పుడున్నది వేరు. ఇంటి విలువ 35 లక్షలు, రుణం 25 లక్షలు దాటకూడదు, రుణం 2024 సెప్టెంబరు 1న గానీ ఆ తరువాత గానీ మంజూరై ఉండాలి. మొదటి 8 లక్షల మీద 12 ఏళ్ల కాలానికి 4 శాతం రాయితీ, గరిష్ఠంగా 1.80 లక్షలు. అదీ అయిదు వార్షిక వాయిదాలలో వస్తుంది. ప్రతి వాయిదా సమయానికీ రుణం నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా ఇంకా బాకీ ఉండాలి. కాబట్టి ఈ రోజు ఎవరైనా "2.67 లక్షలు ఇప్పిస్తాను, అందులో పదిశాతం ముందుగా ఇవ్వండి" అంటే, అతను ముగిసిపోయిన పథకాన్ని మీకు అమ్ముతున్నాడని అర్థం చేసుకోండి. రాయితీ బ్యాంకు ద్వారానే మీ రుణ ఖాతాకు వస్తుంది. మధ్యలో ఇంకెవరి చేతికీ రాదు, ఎవరి సిఫారసూ దానికి అక్కర్లేదు.

దరఖాస్తు తిరస్కరణకు గురైతే, లేదా నెలల తరబడి కదలకపోతే, కారణం రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా "మీకు రాదు" అన్నదాన్ని చివరి మాటగా తీసుకోకండి. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, కలెక్టరేటులో గానీ జీవీఎంసీ కార్యాలయంలో గానీ, దరఖాస్తు నంబరుతో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడిగితే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. అర్జీలో ఆవేదన పేజీలకొద్దీ రాయనక్కర్లేదు. దరఖాస్తు నంబరు, తేదీ, ఏ కారణంతో ఆపారో తెలపాలన్న ఒక్క వాక్యం, కింద సంతకం, ఫోను నంబరు ఉంటే చాలు. స్థలం పత్రాల ఒరిజినళ్లు మాత్రం అర్జీతో జతచేయకండి, ఎవరు అడిగినా నకళ్లే ఇవ్వండి.